తెల్లకాగితం పొట్లం

పోయినవారం మనం సుందర్‌రాజ్‌ను మల్లేశ్వరరావు గారి ఆఫీసు మెట్ల మీద వదిలేసి ఎవరి దారిన వాళ్లం వెళ్లిపోయాం. పాపం పెద్దమనిషి, అరవై రెండేళ్ల మోకాళ్లతో వారం రోజులు ఆ మెట్ల మీదే నిలబడ్డాడు. కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం నాలుగు మాటలు చెప్పి ఆయనను లోపలికి పంపేద్దాం.

అబిడ్స్‌లో ముప్పై ఏళ్లు టైప్‌రైటర్లు బాగుచేసిన సుందర్‌రాజ్, ఆ యంత్రాలు పాత సామానులోకి వెళ్లిపోయాక ‘మా పట్నం’ వారపత్రికలో ‘వచ్చే నెల ఎంత?’ అనే శీర్షిక రాస్తున్నాడు. రాబోయే లాప్‌టాప్ ఎంతకొస్తుంది, అందులో కొత్తగా ఏముంటుంది, ఇప్పుడే కొనాలా, నెల ఆగాలా అన్నదే దాని సంగతి. పద్నాలుగు నెలలుగా ఆయన చెప్పిన ధర చెప్పినట్టు దిగింది. ఆదివారం పత్రిక రావడమే ఆలస్యం, సోమవారం కొట్టుకు వచ్చినవాడు ‘అందాజు అంకుల్ ఆగమన్నడు’ అని చెప్పి వెనక్కి తిరిగిపోయేవాడు. అలాంటి మనిషికి ఈ గురువారం మధ్యాహ్నం కబురొచ్చింది. సుమేరు లాప్‌టాప్‌లకు రాష్ట్రమంతటికీ డిస్ట్రిబ్యూటర్ అయిన మల్లేశ్వరరావు గారు రమ్మంటున్నారని. ఆ ఆఫీసులోనే, కింద గోదాములో, సుందర్‌రాజ్ కూతురు బెత్సీ పార్సిళ్లు పంపే పని చూస్తుంది. ఆయన మెట్లు ఎక్కుతుండగా పైనుంచి ఆడపిల్ల ఏడుపు వినిపించింది. అక్కడ ఆపాం.

ఏడుస్తున్నది స్వర్ణ. ధరల జాబితాలు టైపు చేసే అమ్మాయి. బెత్సీతో కలిసి మధ్యాహ్నం అన్నం తింటుంది, క్రిస్మస్‌కు ఇంటికొచ్చి కేకు తిని వెళ్లింది. ఇప్పుడు గోడకు ఆనుకుని నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎదురుగా కుర్చీ ఉన్నా కూర్చోలేదు.

“రండి సుందర్‌రాజ్ గారూ. కాఫీ చెప్పమంటారా?” అన్నాడు మల్లేశ్వరరావు. గోదావరి జిల్లా మర్యాద, మనిషిని కోసేముందు కూడా కాఫీ అడుగుతుంది.

“వద్దు సార్. ఇప్పుడే తాగిన.”

మల్లేశ్వరరావు బల్ల మీదున్న ‘మా పట్నం’ తీసి ఆయన ముందుకు తోశాడు. ఎర్ర సిరాతో గీత గీసిన చోట వేలు పెట్టాడు.

“ఇది పైకి చదవండి.”

సుందర్‌రాజ్ కళ్లజోడు సర్దుకున్నాడు. “సుమేరు కొత్త మోడల్ సోమవారం వస్తుంది. మెమరీ రెట్టింపు, సీడీయే కాదు డీవీడీ కూడా రాసే డ్రైవు, వైరు లేకుండా ఇంటర్నెట్. ధర నలభై ఒక్కవేల తొమ్మిదివందల తొంభై.”

“ఎలా తెలిసిందండీ?”

ఈ ప్రశ్నకు సుందర్‌రాజ్ దగ్గర జవాబు ఎప్పుడూ ఇస్త్రీ చేసి పెట్టి ఉంటుంది. “అందాజు సార్. డాలర్ ఎట్లుంది, పండుగ ఎప్పుడుంది, పోటీవాడు ఏం చేస్తున్నడు, అన్నీ చూస్త. ఎనకట టైప్‌రైటర్ చప్పుడు ఇంటే ఏ స్క్రూ వదులైందో చెప్పేవాణ్ని. గిది గూడ గంతే.”

“బావుంది. కానీ సోమవారం ఎంతకు దిగింది?”

“నలభై రెండువేల నాలుగువందల తొంభై. ఐదువందలు తప్పిన సార్.”

“అదేనండీ నా బాధ. మీరు రైటు రాసుంటే అందాజు అనుకునేవాణ్ని. తప్పు రాశారు కాబట్టి దొరికారు.” మల్లేశ్వరరావు గొంతు పెంచలేదు. “పోయిన బుధవారం పొద్దున చెన్నైలోని కంపెనీ నుంచి మీరు రాసిన ధరే వచ్చింది. ఈ అమ్మాయి జాబితా టైపు చేసింది. గురువారం సాయంత్రం చెన్నైవాళ్లే ఫోన్ చేసి ఐదువందలు పెంచామన్నారు. పాతది తీసేశాం, కొత్తది వేశాం. డీలర్లకు వెళ్లింది కొత్తదే. మీరు రాసిన ధర ఈ లోకంలో ఒకటిన్నర రోజు బతికిందండీ. ఆ ఒకటిన్నర రోజూ దాన్ని చూసినవాళ్లం ఇద్దరం, నేనూ ఈ అమ్మాయీ. మీ అందాజు సరిగ్గా ఆ చచ్చిపోయిన ధర మీద ఎలా వాలింది?”

సుందర్‌రాజ్ కళ్లజోడు తీసేశాడు. పద్నాలుగు నెలలు రైటు రాసినందుకు ఎవరూ ఏమీ అడగలేదు. ఒక్కసారి తప్పితే గుట్టంతా బయటపడేటట్టుంది.

“మీ అమ్మాయిని నేను అనుమానించలేదు. డిస్పాచ్‌వాళ్లు పై అంతస్తుకు రారు, ఈ గదిలో కాలు పెట్టరు. గదికి ఒకటే తాళంచెవి, అది ఈవిడ నడుముకు ఉంటుంది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టాను.”

“సార్, నేను ఇయ్యలే సార్,” అంది స్వర్ణ. “మా అమ్మ మీద ఒట్టు.”

“మీరు రాసినప్పుడల్లా పాత మోడల్ కొనేవాడు ఆగిపోతున్నాడు. కింద మూడువందల డబ్బాలు కదలకుండా కూర్చున్నాయి. చెన్నైవాళ్లు డిస్ట్రిబ్యూషన్ పీకేస్తామంటున్నారు. శనివారం పదిగంటలకు వాళ్ల మనిషి వస్తున్నాడు. ఆయన ముందు, ఎవరిచ్చారో మీరు చెప్పండి. చెప్పకపోతే ఈ పిల్ల పేరుతో పోలీసు కంప్లయింటు ఇస్తాను.”

“స్వర్ణ ఇయ్యలే సార్.”

“మరెవరు?”

చెప్పొచ్చు కదా మహానుభావా! నాలుక చివర దాకా వచ్చిన మాటను మింగేశాడు. ఆ మాట చిన్నది, చెబితే నవ్వులపాలు. ముప్పై ఏళ్ల పేరు, పద్నాలుగు నెలల కీర్తి ఒక్క మాటతో మూసీలో కలుస్తాయి. తల వంచుకుని మెట్లు దిగాడు. వెనకాల ఆ పిల్ల ఏడుపు ఆగిపోయింది. ఏడుపు కన్నా అదే ఎక్కువ భయపెట్టింది ఆయనను.

గురువారం మధ్యాహ్నం కాళ్లు ఆయనను అడక్కుండానే సందు మొగలోని ఇరానీ హోటల్‌కు తీసుకెళ్తాయి. అక్కడ అందాజు పలక ఉంటుంది. ఎప్పటినుంచో ఉన్న అలవాటు అది. చిరాగ్ అలీ సందులో కంప్యూటర్లు అమ్మేవాళ్లంతా వారానికోసారి చేరి, రాబోయే మోడల్ ధర తలా ఒకటి చెబుతారు. బడిపిల్లల నల్లపలక మీద సుద్దతో రాస్తారు. ధర దిగాక ఎవరిది దగ్గరగా ఉంటే వారం రోజులు వాడి చాయ్ మిగతావాళ్ల ఖాతాలో.

ఈ రోజు గొడవ దసరాకు రాబోయే మోడల్ గురించి.

“తెర వెడల్పుగ ఉంటదట. సినిమా చూసినట్టే ఉంటదంటున్రు.”

“బ్యాటరీ నాలుగు గంటలట!”

“నాలుగు గంటలా? నీ మొకం. ఇప్పుడున్నది రెండు గంటలు నిలబడ్తె చాలు, దండం పెడ్త.”

“పైన కెమెరా గూడ వస్తదట భాయ్. అమెరికాల ఉన్నోడు మొకం చూస్కుంట మాట్లాడొచ్చు.”

“కెమెరా పెడ్తె యాభై దాటుతది. నలభైవేలల కెమెరా అంటే ఉత్త బొమ్మే.”

సుద్దముక్క పట్టుకున్న శ్రీపతి తల ఎత్తాడు. సందులో అందరికన్నా పెద్ద కొట్టు ఆయనదే. పలక మీద అందరి పేర్ల కింద ఒక గడి ఎప్పుడూ ఖాళీగా ఉంచుతారు. అది సుందర్‌రాజ్‌ది.

“రా అంకుల్! పోయినసారి ఐదువందలు తప్పినవు, గిది మాత్రం తప్పకు. నా కొట్టుల నలభై డబ్బాలున్నయి. ఉంచాల్నా, అమ్మాల్నా? నీ మాట మీదనే ఉన్న.”

సుందర్‌రాజ్ సుద్ద తీసుకున్నాడు. రెండేళ్ల కిందట ఇదే పలక మీద ఇదే శ్రీపతి ఆయన పేరు ఎదురుగా ‘దీనికి పదివేలు కలుపుకొని చదవండి’ అని రాశాడు. అప్పుడు దసరాకు ధరలు పడిపోతాయని సుందర్‌రాజ్ పత్రికలో రాస్తే, అవి పడలేదు సరికదా ఇంకా పెరిగాయి. నమ్మి ఆగినవాళ్లు ఉత్తరాలు రాసి తిట్టారు. హోటల్‌లో అందరూ నవ్వారు. ఆయన ఆ నవ్వును ఇంటికి మోసుకెళ్లి, కొన్ని నెలలు గుమ్మం దిగలేదు.

ఈ రోజు ఎవరూ నవ్వడం లేదు. అందరూ సుద్ద వైపే చూస్తున్నారు. అంకె రాయబోయి ఎందుకో గుమ్మం వైపు చూశాడు. స్వర్ణ నిలబడి ఉంది. కళ్లు వాచిపోయాయి, చేతిలో టిఫిన్‌డబ్బా సంచి. మగవాళ్ల హోటల్ అని లోపలికి రాలేదు.

సుందర్‌రాజ్ సుద్ద కింద పెట్టి బయటకు వచ్చాడు.

“అంకుల్,” అంది ఆమె, “నేను మీకు ఎన్నడన్న ఒక్క రేటు చెప్పిన్నా?”

“లేదు బిడ్డా.”

“మరి సార్ ముందర గా మాట గట్టిగ ఎందుకు చెప్పలే? ‘ఇయ్యలే’ అన్నరు. ఎవరిచ్చిన్రంటే తల దించుకున్నరు. మీరు తల దించుకుంటే దొంగను నేనే అయిన.”

సన్నగా వాన మొదలైంది. నాంపల్లి స్టేషన్ రోడ్డు పట్టుకుని నడవడం మొదలుపెట్టాడు సుందర్‌రాజ్. ఆమె పక్కనే నడిచింది. గొడుగు ఉంది గానీ ఇద్దరిలో ఒక్కరికీ తెరవాలని తోచలేదు.

“మా అమ్మ ఇటుకలు మోసింది అంకుల్. మా నాయిన గునపం పట్టిండు. మా ఇంట్ల కుర్చీల కూసొని పనిచేసినదాన్ని నేనే ఫస్టు. మా అమ్మ ఒక్కపాలి ఆఫీసుకొచ్చి ఆ కుర్చీ చెయ్యిపెట్టి చూసి పోయింది, తెలుసా? ఇగ పోలీసుల కాయితంల నా పేరు ఎక్కినంక అబిడ్స్‌ల ఎవడన్న కుర్చీ ఇస్తడా? అమ్మ మళ్ల తట్ట పట్టాలె. నేను గూడ పట్టాలె.”

ఆ మాటకు సుందర్‌రాజ్ ఆగిపోయాడు. ఎంత సిగ్గయినా ఇక దాచడం పాపం.

“నవ్వొద్దు బిడ్డా. సమోస కాయితం.”

“ఏంది?”

“స్టేషన్ కాడ పోశవ్వ సమోసలు అమ్ముతది. గురువారం గురువారం నేను రెండు తింట. పొట్లం కట్టిన కాయితంల రేట్లుంటయి. చదువుత, రాస్త. నా అందాజు గంతే.”

స్వర్ణ ముఖం ఎర్రబడింది. “నా బతుకు ఆగమైతుంటే మీకు పరాచకాలా?”

“దేవుని సాక్షిగ చెప్తున్న. నిజం. గా నవ్వులపాలైన సంగతి నీకు తెలుసు గద. ఇగ రాసుడు బంద్ చేద్దామనుకున్న. ఒక్క దారి చూపియ్యి ప్రభువా అని మోకాళ్ల మీద అడిగిన. గా వారమే, సమోస తిన్నంక కాయితం పారేద్దామని చూస్తే సుమేరు అని కనవడ్డది. సగం చినిగి ఉన్నది. రెండో సమోస పొట్లం ఇప్పితే రెండో సగం. అతికిచ్చి చూస్తే మొత్తం జాబితా. దేవుడే పంపిండనుకున్న స్వర్ణా. ఎవర్నీ అడగలే, ఎవరికీ లంచమియ్యలే. తినే సమోస కింద ఉన్నది చదివిన, దొంగతనమెట్లయితదని నాకు నేను చెప్పుకున్న.”

ప్రార్థనకు జవాబు నూనె మరకలతో వస్తుందా అని మనం అడగొచ్చు. కావాలనుకున్నవాడికి అన్నీ జవాబులే.

స్వర్ణ కోపం సగంలో ఆగిపోయింది. ఏదో లెక్క కుదురుతున్నట్టు నెమ్మదిగా అంది. “ప్రింటరు వంకర కొడ్తె ఆ కాయితం రెండు ముక్కలు చేసి బుట్టల ఏస్త నేను. ఇంకా సన్నగ చింపాలె, చింపలే. నాదే తప్పు. సాయంత్రం ఆ బుట్ట కిందికి పోతది, డబ్బాలల్ల సందు లేకుంట కుక్కనీకి.”

“గదే! కుక్కంగ మిగిలింది పాత కాయితాలోడు కొంటడు. ఆని కాడ పోశవ్వ కొంటది. ఎవరూ దొంగ కాదు. బుట్ట దొంగ, గంతే!” చాలాసేపటికి సుందర్‌రాజ్‌కు ఊపిరి ఆడింది. “పోశవ్వను అడుగుదాం. ఏ పాత కాయితాలోడో పేరు చెప్తది. శనివారం ఆన్ని గూడ తీస్కపోయి సార్ ముందర నిలబెడ్త.”

“బెత్సీ ఏమన్న...” అని ఆగింది స్వర్ణ. “ఆమె గోదాములనే ఉంటది గద. ఏమన్న చెప్పిందా మీకు?”

“నా బిడ్డనా?” సుందర్‌రాజ్‌కు చురుక్కుమంది. “ఒక్కపాలి, నేను మంచం పట్టినట్టు పండుకున్న రోజులల్ల, ‘డాడీ, ఆఫీసుల రేటు ఇన్న, చెప్పన్నా’ అన్నది. గట్టిగ కసిరిన. దొంగమాట నా చెవుల ఎయ్యకు, గట్ల రాసే బదులు అడుక్కతింట అన్న. ఏడ్చింది పాపం. అప్పటిసంది ఇంట్ల ఆఫీసు ముచ్చటే తీయది. చర్చి ముచ్చట, కూర ముచ్చట, గంతే.”

“పొద్దుగాల్నే పార్సిల్ ఆఫీసుకు పోయింది. నా సంగతి ఇంక తెల్వదు ఆమెకు,” అంది స్వర్ణ. “తెలిస్తే సార్‌తోని కొట్లాడేది.”

“కొట్లాడ్తది. నా బిడ్డ గసోంటిది.”

స్టేషన్ గోపురం కనిపించింది. స్వర్ణ ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది.

“అంకుల్, ఒక్క మాట. శనివారం గా చెన్నై సార్ ముందర మీరే చెప్పాలె. పేరు పోతది మీకు. పలక మీద నవ్వుతరు. పత్రికల రాయనియ్యరు. అయినా చెప్తరా?”

“చెప్త.”

“పోశవ్వ ఎవరి పేరు చెప్పినా, గా పేరు చెప్తరా? మళ్ల తల దించుకుంటె నేను సచ్చినట్టే.”

“ఎవరి పేరైనా చెప్త. దేవుని సాక్షిగ.” సుందర్‌రాజ్ తేలిగ్గా నవ్వాడు కూడా. “పాత కాయితాలోడు నాకు చుట్టమా ఏంది?”

ఆరు కావస్తోంది. రైలు దిగిన జనం పోశవ్వ బండి చుట్టూ మూగి ఉన్నారు. నెరిసిన కొప్పు, నుదుట రూపాయంత బొట్టు, చేతిలో జల్లిగరిటె. సుందర్‌రాజ్‌ను చూడగానే జనం మీదుగా కేకేసింది.

“రా సారూ! నీ రెండు పక్కకు పెట్టిన, సల్లారిపోతున్నయి. ఎవరో పిల్లను గూడ తెచ్చినవా? నీగ్గూడ రెండు ఇయ్యాల్నా అవ్వా?”

స్వర్ణ చేతిలో ఒక పొట్లం పెట్టి, సుందర్‌రాజ్ చేతిలో రెండు పెట్టింది. ఆయన ఆత్రంగా తనవి విప్పాడు. ఉంది. సగం ఒకదాంట్లో, సగం ఇంకోదాంట్లో. సుమేరు, దసరా మోడల్, వెడల్పు తెర. శ్రీపతి అడిగిన ధర, హోటల్‌లో ఆయన రాయలేకపోయిన అంకె, నూనెలో తడిసి మెరుస్తోంది.

“చూసినవా?” అన్నాడు స్వర్ణతో. “నేను అబద్ధమాడలే.”

స్వర్ణ ఆ కాగితం వైపు చూడటం లేదు. తన చేతిలో పొట్లం చూసుకుంటోంది. అది పాత పేపరు. పక్కన మూటలతో నిలబడ్డ ముసలాయన చేతిలోది చూసింది. పాత పేపరే. చంటిపిల్లను ఎత్తుకున్న ఆమె చేతిలోదీ అంతే. బండి చుట్టూ పదిహేను చేతులున్నాయి, పదిహేను చేతుల్లోనూ పాత పేపరే.

సుందర్‌రాజ్ కూడా చూశాడు. పద్నాలుగు నెలలు ప్రతి గురువారం ఇక్కడే నిలబడి తిన్నాడు. తన చేతిలోది చదువుకున్నాడు గానీ పక్కవాడి చేతిలోది ఏనాడూ చూడలేదు.

“పోశవ్వా,” అన్నాడు. “గీ తెల్ల కాయితం ఎవరి కాడ కొంటవు?”

“కొంటనా?” పోశవ్వ గరిటె ఆపింది. “గింత మంచి కాయితం కొని సమోసలు కడ్తె నాకు మిగిలేదేంది సారూ? అందరికి పేపరే. తెల్లది నీ ఒక్కనికే.”

“ఎవరిచ్చిన్రు?”

“మళ్ల నన్నడుగుతవు? మీ పిల్లనే గద. నీలం రంగు స్కూటీ మీదొస్తది, గురువారం పొద్దుగాల. ‘అవ్వా, మా డాడీ పొద్దుమీకి వస్తడు, గీ రెండు కాయితాలల్ల కట్టియ్యి, నేనిచ్చిన్నని చెప్పకు’ అంటది. ఇయ్యాల గూడ ఇచ్చింది. ఆ కాయితంల కడ్తెనే మా డాడీ తింటడు, లేకుంటె అన్నం ముట్టడన్నది. ఏం బీమారో ఏమో అనుకున్న. నువ్వే అడిగితివి గద అని చెప్తున్న, ఆ పిల్లను తిట్టకు సారూ. బంగారమసోంటిది.”

బండి మీద నూనె చిటపటలాడుతోంది. ఎవరో చిల్లర అడుగుతున్నారు. సుందర్‌రాజ్‌కు ఏవీ వినిపించలేదు. ఆయన కళ్లముందు కూతురు చెత్తబుట్ట ముందు మోకాళ్ల మీద కూర్చుని, చినిగిన ముక్కకు చినిగిన ముక్క వెతుక్కుంటోంది. ఆయన కసిరితే ఏడ్చింది. ఏడ్చి, ఆయన అభిమానం దెబ్బతినని దారి ఒకటి కనిపెట్టింది. దేవుడు పంపాడనుకున్నవన్నీ బిడ్డ పంపింది. బండి అంచు పట్టుకున్నాడు. బిడ్డ మీద కోపం రాలేదు. తన మీద అసహ్యం వేసింది.

స్వర్ణ తన పొట్లం మళ్లీ మడిచింది. సమోసా తినకుండానే పక్కన పెట్టింది. తర్వాత మెల్లగా, కోపం లేకుండా అడిగింది.

“శనివారం గీ పేరు చెప్తరా అంకుల్?”

సుందర్‌రాజ్ మళ్లీ తల దించుకున్నాడు.

“ఇప్పుడే గద దేవుని సాక్షిగ అన్నరు.” ఆమె కళ్లల్లో నీళ్లు నిండాయి గానీ కిందికి జారలేదు. “బెత్సీ నా డబ్బాల చెయ్యి పెట్టి తింటది అంకుల్. నేను ఆమెను జైలుకు పంపాలె, లేకుంటె నేను పోవాలె. గంతేనా?”

ఆయన చేతిలోంచి ఆ రెండు తెల్లకాగితాలూ తీసుకుంది. గుంజుకోలేదు, చిన్నపిల్ల చేతిలోంచి తీసుకున్నట్టు తీసుకుంది. నూనె తుడిచి, ముక్కకు ముక్క కలిపి మడిచి, టిఫిన్‌డబ్బా సంచిలో అడుగున పెట్టుకుంది.

“గివి నా కాడ ఉండనియ్యుండ్రి,” అంది.

అప్పుడే వెనక నుంచి హారన్ వినిపించింది. రెండుసార్లు పొట్టిగా, ఒకసారి పొడుగ్గా. గురువారం ఆరుగంటలకు ఆయనను ఇంటికి తీసుకెళ్లే హారన్ అది. నీలంరంగు స్కూటీ జనంలోంచి దారి చేసుకుంటూ వచ్చి ఆగింది. పొద్దున్నుంచీ పార్సిల్ ఆఫీసులో నిలబడ్డ అలసట ముఖమంతా ఉన్నా బెత్సీ నవ్వుతోంది.

“అరె స్వర్ణా, నువ్వు గీడున్నవేంది?” అంది. జవాబు కోసం ఆగకుండా తండ్రి ఖాళీ చేతుల వైపు చూసి, ప్రతి గురువారం అడిగే మాటే అడిగింది.

“సమోసలు తిన్నవా డాడీ?”